మూత తీయరాదు

22 ఆగస్టు 2011, సోమవారం

ఉడికింది! ఉడికింది! ఉడికింది!

రెండు గంటల అయిదు నిమిషాలు. గ్యాస్ లేదు, కట్టె లేదు, కరెంటు లేదు. తార్నాకలో మా మిద్దె మీద, ఉత్త ఎండకి, అరకిలో బియ్యం అన్నమైంది. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఒడ్డున పడింది. ప్లైవుడ్ పెట్టె, లోపల నల్లరంగు, పైన గాజుమూత, ఆ పైన అమ్మ బీరువాలోంచి ఊడదీసిన అద్దం. అద్దం పోయినందుకు అమ్మ పొద్దున్నించి అలిగింది గానీ అన్నం తినేటప్పుడు రెండోసారి వడ్డించుకుంది.

నాన్న రెండు గంటలూ చేతి గడియారం పట్టుకుని పెట్టె పక్కనే కూర్చున్నాడు. అమ్మ ఉండబట్టలేక ఒకసారి మూత మీద చెయ్యి వేస్తే నాన్న అరిచిన అరుపుకి పక్క మిద్దె మీద బట్టలారేస్తున్న విశాలాక్షి ఆంటీ క్లిప్పులు కింద పడేసింది.

"తీయొద్దే పద్మా! ఒక్కసారి తీస్తే ఇరవై నిమిషాలు ఎనక్కి పోతాది!"

ఆ ఇరవై నిమిషాల లెక్క ఆయనదే. నిన్న థర్మామీటరు పెట్టి తేల్చాడు. సాయంత్రం ఎక్కణ్ణుంచో నల్ల ఎనామిల్ రంగు, సన్న కుంచె తెచ్చి గాజుమూత చుట్టూ ఉన్న చెక్క చట్రం మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు: వంట పూర్తయ్యే వరకు మూత తీయరాదు.

మా యూనివర్సిటీ క్యాంపస్‌లో బోర్డులన్నీ నాన్న చేతిరాతే. పూలు కోయరాదు. ఇక్కడ వాహనములు నిలుపరాదు. గోడలపై వ్రాయరాదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాన్న రాసినవన్నీ రాదులే. ఇవాళ్టి రాదు ఒక్కటే నాకోసం రాసింది. మురిసిపోయాను.

24 ఆగస్టు, బుధవారం

మా క్లాసు శైలజ మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టించి నన్ను క్యాంపస్ వెనకరోడ్డుకి లాక్కుపోయింది. పదకొండు నిద్రగన్నేరు చెట్లు. ఒక్కోదాని కింద ఒక పెళ్లి చేయొచ్చు. వాటి మొదళ్ల మీద ఎర్రరంగుతో అంకెలు. ఒకటి నుంచి పదకొండు దాకా.

"కొడతరంట. కార్ల పార్కింగ్‌కు," అంది శైలజ. "నంబర్లు గూడ ఏస్కున్నరు చూడు, మేకలకేసినట్టు."

నేను అంకెలు చూస్తూ ఉండిపోయాను. నాలుగుకి పైన చిన్న తోక. క్యాంపస్ మొత్తంలో నాలుగుకి తోక పెట్టేది ఒక్కరే. ఎస్టేట్ విభాగం సూపర్‌వైజరు ఎ. చెన్నకేశవులు. మా నాన్న.

అయిదో నంబరు చెట్టు కింద ఆయన రోజూ క్యారియర్ విప్పుకుంటాడు. దానికీ అయిదు వేశాడు.

శైలజకి చెప్పలేదు.

25 ఆగస్టు

నాన్నతో మాట్లాడలేదు. సాయంత్రం అమ్మ పునుగులు చేసింది. తిన్నాను. మాట్లాడలేదు.

29 ఆగస్టు, సోమవారం

లైబ్రరీ వెనక మెట్ల మీద మీటింగు. చెట్ల కోసం తొమ్మిదిమందిమి పోగయ్యాం. నడిపేది నరహరి. బాటనీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు, నల్లగొండ దగ్గర పల్లెటూరు, హాస్టల్లో ఉంటాడు. తెలంగాణ కోసం ఇప్పటికి ఆరుసార్లు అరెస్టయ్యాడు. ఆరోసారి స్టేషన్‌లో ఉప్మా బాగుందని చెబుతున్నాడు. అందరూ అతన్ని నరహరన్న అంటారు. నేను ఏమీ అనను. పిలవాల్సి వస్తే, "అదీ..." అంటాను.

అతని దగ్గరొక పొడుగాటి నోటుపుస్తకం ఉంది. వచ్చినవాళ్లందరూ సంతకం చేయాలి. పేరు, ఊరు, మూడో గడిలో 'ఎందుకొచ్చినవ్'. నరహరి తన గడిలో, 'మా ఊర్ల వాన దారి మర్చిపోయింది' అని రాసుకున్నాడు. శైలజది, 'మల్కాజ్‌గిరిల కూసుంటె అమ్మ సంబంధాలు చూస్తున్నది.' అందరూ పడీపడీ నవ్వారు. నా వంతు వచ్చింది. పేరు రాశాను. ఊరు దగ్గర ఆగాను. తార్నాక అని రాయాలా, నేనెప్పుడూ ఉండని నాన్నవాళ్ల ప్రొద్దుటూరు అని రాయాలా? తార్నాక అని రాశాను. మూడో గడి ఖాళీ.

"ఆంధ్రోళ్ల పిల్లా, గడి నింపు," అంది శైలజ.

"రాయలసీమ," అన్నాను.

"నీళ్లు మీకూ లేవు గదా. అదే రాయి."

రేపు రాస్తానన్నాను.

ఇక్కడైతే రాసుకోవచ్చు. కారణం ఒకటి: గాలిలో కార్బన్ డయాక్సైడు పదిలక్షల పాళ్లలో మూడువందల తొంభైకి చేరింది. ఇది పరీక్షలో రాయడానికి బాగుంటుంది. కారణం రెండు: ధ్రువాల దగ్గర మంచు కరుగుతోంది. నేను మంచు చూసింది మా ఫ్రిజ్‌లోనే. కారణం మూడు: రాబోయే తరాలు. ఇది వక్తృత్వపు పోటీ.

నరహరి కారణం కాదు. ముందే రాసిపెడుతున్నాను, తర్వాత ఎవరూ అనకుండా.

30 ఆగస్టు

నరహరి కారణం కాదు. ఈ డైరీ ఇంకెవరూ చదవరు కదా, నిన్న 'ఎవరూ అనకుండా' అని ఎందుకు రాశాను?

3 సెప్టెంబరు, శనివారం

నవ్వీ నవ్వీ కడుపు నొప్పి.

చెట్లు కొట్టడానికి వచ్చిన రోజు ఏం చేయాలన్నది ఇవాళ్టి చర్చ. ధర్నా అంటే పాతబడింది. నిరాహారదీక్ష అంటే శైలజ లేచి వెళ్లిపోతానంది. నరహరి అన్నాడు, "వంటా వార్పూ పెడదాం. రోడ్డు మీద వండుదాం, ఆడ్నే తిందాం. రెండేండ్లసంది చేస్తున్నం గదా."

నేను వంటా వార్పూ దూరం నుంచి చాలా చూశాను. తార్నాక చౌరస్తాలో, రైలు పట్టాల మీద, ఇటుకల పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు. పోలీసులు చుట్టూ నిలబడి చూడడం తప్ప ఏమీ చేయరు. ఎందుకని అడిగాను.

"అన్నం ముందట కూసున్నోన్ని ఎవ్వడు లేపడు," అన్నాడు నరహరి. "పోలీసోడైనా లేపడు. తిన్నంక చెయ్యి కడుక్కొని మనమే వ్యానెక్కుతం. అది మాట. ఎన్నిసార్లు చేసినా ఇటు మేం తప్పలే, అటు వాళ్లు తప్పలే."

అంతా ఖాయమైంది. గిన్నె ఎవరు తేవాలి, బియ్యం ఎవరు తేవాలి. అప్పుడు ఎవరో అడిగారు, పొయ్యిలోకి కట్టెలెక్కడివి?

 చెట్లు కొట్టొద్దని చెప్పడానికి చెట్టు కొట్టి వంట చేయబోతున్నాం! శైలజ మెట్ల మీద దొర్లి నవ్వింది. గ్యాస్ అన్నారొకరు, అది భూమి కడుపులోది కాదా అన్నారింకొకరు. పిడకలన్నారు. పొగ అన్నారు. అరగంట కొట్టుకున్నాక నేను నెమ్మదిగా, "అదీ... మా ఇంట్లో ఒక పెట్టె ఉంది," అన్నాను.

ఎండతో అన్నం అని చెప్పగానే నరహరి రెండు చేతులూ పైకెత్తి, "ఇగ గెలిచినం పో!" అన్నాడు. కూర మాటేమిటంటే శైలజ పచ్చిపులుసు తెస్తానంది. దానికి పొయ్యే అక్కర్లేదు.

ఇంటికి నడిచి రాలేదు. ఎగిరి వచ్చాను.

8 సెప్టెంబరు, గురువారం

నాన్న ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. చెట్లు కొట్టే అనుమతి ముప్ఫయ్యో తారీఖు దాకానే. పదమూడు నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. అందులో కరెంటువాళ్లూ ఉన్నారు. చెట్ల మధ్య నుంచి పోయే తీగకి కరెంటు ఆపకుండా కొమ్మ ముట్టుకోకూడదు. పన్నెండున కరీంనగర్ సభకి హాస్టళ్లన్నీ ఖాళీ అవుతాయి. కాబట్టి పన్నెండు. సోమవారం. ఆ ఒక్కరోజే.

"సరే సార్. పొద్దున తొమ్మిదికి మిషన్లు రానీండి. నేనుంటా సార్," అన్నాడు నాన్న.

వెంటనే శైలజకి మెసేజ్ పెట్టాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి నాన్నకి కాఫీ కలిపి ఇచ్చాను. చక్కెర ఎక్కువైందన్నాడు.

10 సెప్టెంబరు, శనివారం

అరెస్టు కావడం ఎలాగో శైలజ నేర్పింది. ఆమె ఒకసారి అయింది, నాలుగు గంటలపాటు. కాబట్టి ఆమెకి అన్నీ తెలుసు. చెప్పులకి వెనక పట్టీ ఉండాలి. చున్నీకి రెండు చోట్ల పిన్నీసు. లాగేటప్పుడు ఒళ్లు వదిలేయాలి, బిగిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది. వ్యాన్‌లో కిటికీ పక్క సీటు పట్టాలి, ఫొటో అక్కడే పడుతుంది. టూత్‌బ్రష్ పెట్టుకోమంది. నాలుగు గంటలకి బ్రష్ ఎందుకంటే, "ఇజ్జత్ ఉంటది," అంది.

ఇంట్లో తలుపేసుకుని ఒళ్లు వదిలేయడం ప్రాక్టీసు చేశాను. మంచం మీద నుంచి జారి దబ్బున పడ్డాను. "ఏమే, ఏం పడింది?" అని అమ్మ అరిచింది. "డిక్షనరీ," అన్నాను.

ఎంత సంతోషంగా ఉందో! ఇంత సంతోషంగా ఉండడం తప్పేమో. భూమి వేడెక్కిపోతోంది, నేను ఏ చుడీదార్ వేసుకోవాలా అని ఆలోచిస్తున్నాను. పసుపుపచ్చది. ఫొటోలో కొట్టొచ్చినట్టు పడుతుంది.

ఒక సంగతి రాసేస్తాను. రెండేళ్ల కిందట డిసెంబరులో మా వీధి చివర నుంచి మొదటి పెద్ద తెలంగాణ ర్యాలీ పోయింది. నా ఈడు వాళ్లే. డప్పులు, పాటలు, ఒకరి భుజాల మీద ఒకరు. నాన్న కిటికీ రెక్క మూసేసి, "అది మనది కాదమ్మా," అన్నాడు. అందరూ అనుకున్నట్టు నాకు భయం వేయలేదు. కుళ్లు పుట్టింది. వాళ్లకంటూ ఒకటి ఉంది, దానికోసం కలిసి నడుస్తున్నారు, నాకు కిటికీ ఉంది. అప్పట్నించీ నాకూ ఒకటి కావాలని ఉంది. చెట్లు దొరికాయి.

ఇది గడిలో రాయలేను.

11 సెప్టెంబరు, ఆదివారం

నిమజ్జనం. వీధి నిండా డప్పులు. నాన్న మిద్దె మీద నన్ను ఒంటరిగా పట్టుకున్నాడు. నేను పెట్టె అద్దం తుడుస్తున్నాను.

"రేపు నువ్వు కూడా ఉండావా ఆ చెట్ల కాడ?"

అబద్ధం చెప్పాలని నోరు తెరిచాను. "ఉన్నాను."

తిడతాడనుకున్నాను. గోడకి ఆనుకుని రోడ్డు వైపు తిరిగాడు. రిటైర్మెంటుకి రెండేళ్లుంది, ఈ రెండేళ్లూ ఎవరి నోట్లోనూ పడకుండా తల వంచుకుని వెళ్లొస్తున్నాడు. నాకు తెలుసు. అదే అంటాడనుకున్నాను.

"తిన్నంక వ్యాను ఎక్కుతారంట కదా మీరు?"

"ఎక్కుతాం. పద్ధతి అదే."

"ఎన్నింటికి?"

"పన్నెండున్నరకి ఉడుకుతుంది. ఒంటిగంటకల్లా అరెస్టవుతాం."

"మీరు వ్యాను ఎక్కినాక చెట్ల కాడ ఎవరుంటారు?"

"పేపర్లో పడుతుంది," అన్నాను.

"పడుతాది," అన్నాడు నాన్న. "ఒంటిగంట నుంచి అయిదు దాకా నాలుగు గంటలు. పదకొండు చెట్లకి సరిపోతాది."

కోపంతో కిందకి వచ్చేశాను. ఆఫీసు మనిషి! అన్నీ గంటల్లో కొలుస్తాడు. ఉత్సాహం మీద నీళ్లు పోయడానికి పుట్టాడు. రేపు నన్ను వ్యాన్ ఎక్కించేటప్పుడు ఎదురుగా నిలబడి చూస్తాడు. చూడనీ.

12 సెప్టెంబరు, సోమవారం

అరెస్టు కాలేదు!!

మొదటి నుంచీ రాయాలి. 

తొమ్మిదికి తొమ్మిదిమందిమీ అయిదో నంబరు చెట్టు దగ్గర, ఎండ పడే చోటు చూసి పెట్టె పెట్టాం. క్యాంపస్ ఖాళీ, అందరూ కరీంనగర్ బస్సుల్లో పోయారు. బియ్యం కడిగి నల్లగిన్నెలో పోసి మూత వేసి అద్దం తిప్పాను. పదిన్నరకి, గంటన్నర ఆలస్యంగా, మిషన్ రంపాలతో కంట్రాక్టరు మనుషులు ఆటోలో దిగారు. మేస్త్రీ పేరు సూర్యనారాయణ. కరెంటు ఆపడానికి లైన్‌మన్ వెంకటేశ్వర్లు సైకిల్ మీద వచ్చాడు. పోలీసు జీపు, దాని వెనక నా కలలోని వ్యాను. అందులోంచి ఎస్సై వెంకటనర్సయ్య దిగాడు. మీసం బాగుంది. ఆఖర్న స్కూటర్ మీద నాన్న, చంకలో ఫైలు. నా వైపు చూడలేదు.

ఎస్సై మా చుట్టూ ఒకసారి తిరిగాడు. "వంటా వార్పూ అన్నరు. పొయ్యేది?"

"ఇదే సార్," అన్నాను.

"ఇదేంది, పెట్టెనా?"

"సూర్యుడే పొయ్యి సార్."

ఎస్సై తల ఎత్తి ఆకాశం చూశాడు. సరిగ్గా అప్పుడే మబ్బొకటి అడ్డం వచ్చింది. "సూర్యుడేడి?" అన్నాడు. కానిస్టేబుళ్లు కూడా నవ్వారు.

"సరే, తిన్నంక లేస్తరా?" అని నరహరిని అడిగాడు.

"లేస్తం సార్."

"మాట?"

"మాట. తినకముందు మాత్రం లేవం."

"తినకముందు నేను లేపితే మా అవ్వ నన్ను ఇంట్లకు రానియ్యదు," అని ఎస్సై చెట్టు కింద కుర్చీ వేయించుకున్నాడు. రంపాలవాళ్లు కూడా నీడన చేరి తువ్వాళ్లు పరుచుకున్నారు. నాన్నకి ఎవరో స్టూల్ ఇచ్చారు. ఆయన దాన్ని తీసుకెళ్లి మా పెట్టె పక్కన వేసుకుని కూర్చున్నాడు.

పదకొండుంబావుకి మబ్బు తొలగింది. ఎండ ఫెళ్లున కొట్టింది. నేను గంతేసి అద్దం సరిచేశాను. గాజు మీద ఆవిరి పట్టడం మొదలైంది. అప్పుడు నాన్న లేచి మూత తీశాడు.

"నాన్నా! తీయొద్దు!"

"చూడాల కదమ్మా," అని, ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నొక్కి, "ఇంగా బియ్యమే సార్," అని ఎస్సైకి చెప్పి మూత వేశాడు.

ఇరవై నిమిషాలకి మళ్లీ తీశాడు. మళ్లీ అరిచాను. కళ్లద్దాలకి ఆవిరి పడితే తుడుచుకుంటూ నిలబడ్డాడు. తుడుచుకున్నంతసేపూ మూత తీసే ఉంది. తర్వాత ఎండగా ఉందని గొడుగు తెరిచాడు. గొడుగు నీడ ఎక్కడ పడాలో అక్కడే పడింది. నేను పెట్టెని జరిపాను. ఆయన స్టూల్ జరిపాడు.

"మీ నాయినకు ఆకలి ఎక్కువున్నట్టున్నదే," అని శైలజ నా చెవిలో అంది.

"కంగారు. పైనుంచి ఫోన్లు వస్తున్నాయి కదా," అన్నాను. నిజంగానే వస్తున్నాయి. ప్రతిసారీ నాన్న లేచి నిలబడి, "సార్... వంట జరుగుతాంది సార్... అయిపోతానే మొదలుపెడతాం సార్," అంటున్నాడు.

ఒంటిగంట. పెట్టెని సూర్యుడికి తిప్పీ తిప్పీ నా మోకాళ్లు పట్టేశాయి. అన్నం ఉడకాలి, తినాలి, వ్యాన్ ఎక్కాలి. పసుపు చుడీదార్ చెమటకి తడిసిపోయింది. పేపరు నుంచి వచ్చిన ఒక్క ఫొటోగ్రాఫరూ గడియారం చూసుకుని వెళ్లిపోయాడు. నాన్న మూత తీశాడు. రెండు. మూడుంబావు. నాన్న మూత తీశాడు. మధ్యలో ఎవరో బిస్కెట్లు పంచారు. ఎస్సైకీ ఇచ్చాం, మేస్త్రీకీ ఇచ్చాం. నరహరి డప్పుకి బదులు ఒళ్లో పళ్లెం పెట్టుకుని వాయిస్తూ పాటెత్తుకుంటే కానిస్టేబులొకాయన వంత పాడాడు. నవ్వులే నవ్వులు. నేనూ నవ్వాను. రెండేళ్ల కిందట కిటికీ వెనక నుంచి చూసింది ఇదేనని అప్పుడు గుర్తొచ్చింది. కిటికీ లేదు.

నాలుగున్నరకి ఎస్సై తనే లేచి వచ్చాడు. నాన్న మూత తీసి మెతుకు ఆయన చేతిలో పెట్టాడు. ఎస్సై నోట్లో వేసుకుని నమిలాడు.

"పలుకున్నది."

"పలుకుండాది సార్," అన్నాడు నాన్న. "ఇంగో అర్ధగంట."

"మీ బిడ్డేనా సార్, ఈ అమ్మాయి?"

నాన్న గొంతు మారలేదు. "అవును సార్. మా అమ్మాయే. పెట్టె కూడా మా ఇంట్లోదే."

 అందరిముందూ, ఫైలు చేతిలో పెట్టుకుని అనేశాడు.

అయిదుకి లైన్‌మన్ వెంకటేశ్వర్లు సైకిల్ స్టాండు తీశాడు. "నా డ్యూటీ అయిపోయింది. రేపట్నుంచి సమ్మె. ఇగ తెలంగాణ వచ్చినంక కలుద్దాం," అని అందరికీ చెయ్యి ఊపి తొక్కుకుంటూ పోయాడు. లైన్‌మన్ లేకుండా రంపం పట్టేది లేదన్నాడు మేస్త్రీ. తన మనుషుల్ని లేపాడు, వాళ్లు కొట్టాల్సిన చెట్ల కిందే మంచి నిద్ర తీశారు. ఆటో వెళ్లిపోయింది. నిద్రగన్నేరు ఆకులు ముడుచుకుంటున్నాయి.

నేను ఎస్సై దగ్గరికి పరుగెత్తాను. "సార్, మమ్మల్ని తీసుకుపోరా?"

"దేనికి బిడ్డా? అన్నం ఉడకనందుకా? ఏ సెక్షన్ కింద రాయాలె?"

వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది. చెట్లు పదకొండూ ఉన్నాయి, అందరూ ఒకరినొకరు పట్టుకుని గెంతుతున్నారు, నాకేమో కళ్లలో నీళ్లు. అరెస్టు కాలేదని! చెట్లు మిగిలిన రోజున అరెస్టు కాలేదని ఏడ్చే మనిషిని నేను. రాసుకుంటుంటే సిగ్గేస్తోంది.

నరహరి చెట్టుకి ఆనుకుని మా నాన్న వైపే చూస్తున్నాడు. నవ్వుతున్నాడు. వెళ్లేముందు నోటుపుస్తకం అందరికీ తిప్పాడు. ఆఖర్న నేను పేరు, ఊరు రాసి మూడో గడి మళ్లీ ఖాళీ వదిలాను. నాన్న స్కూటర్ మీద ముందే వెళ్లిపోయాడనుకుంటాను. నేను పెట్టె సర్దుతున్నాను, చూడలేదు.

13 సెప్టెంబరు, మంగళవారం

సమ్మె మొదలైంది. బస్సుల్లేవు. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నప్పుడు అమ్మకి నిన్నటి కథంతా మొదటి నుంచీ చెప్పాను. ఎండ, మబ్బు, ఫోన్లు. "నాన్న ఒకటే మూత తీయడం. పదిసార్లు తీశాడో పదిహేనుసార్లు తీశాడో. ఎంత అరిచినా వినడు. అందుకే ఉడకలేదు," అన్నాను.

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చెయ్యి ఆపింది.

"మీ నాయనా? మూత తీసినాడా?"

"అవును."

"మిద్దె మీద నన్ను తాకనీలేదు కదే ఆయన! ఇరవై నిమిషాలు ఎనక్కి పోతాదని ఊరంతా వినేటట్ల అరిచె కదే నా మీద!"

నేను అమ్మని చూశాను. అమ్మ నన్ను చూసింది. ఒక చిక్కుడుకాయ ఆమె చేతిలోంచి జారి కింద పడింది.

మిద్దె మీదకి పరుగెత్తాను. మూత మీద అక్షరాలు అలాగే ఉన్నాయి. గుండ్రంగా, ఆయన చేతిరాత. తీయరాదు.

అక్కడే కూర్చుని నవ్వాను. నవ్వుతూ ఏడ్చాను. పొద్దంతా నేను అన్నం ఉడికించడానికి చచ్చాను. నేను గెలిచి ఉంటే చెట్లు పోయేవి.

13 సెప్టెంబరు, ఇంకా

నాన్నని అడిగాను. "ఎందుకు తీశావు నాన్నా?"

పేపరు దించలేదు. "ఉడికిందో లేదో చూడొద్దా మరి?"

19 సెప్టెంబరు, సోమవారం

నాన్నకి మెమో వచ్చింది. పన్నెండో తారీఖున పని ఎందుకు మొదలుపెట్టలేదో వారంలో సంజాయిషీ ఇవ్వాలట. అమ్మ ముఖం వాడిపోయింది. రెండేళ్లలో పెన్షన్. నాకు నిన్నటిదాకా ఉన్న గంతులన్నీ కాళ్లలోనే ఆగిపోయాయి. నాన్న దగ్గర కూర్చుని, "నా వల్లే కదా," అన్నాను.

"నేనేమన్నా చిన్నపిల్లోణ్ణా, నీ వల్ల చేసేకి?" అన్నాడు. కోపంగానే అన్నాడు. తర్వాత తెల్లకాగితం తీసి నెమ్మదిగా రాశాడు. చదవమని నాకు ఇచ్చాడు.

'పై ఉదహరించిన తేదీన సంఘటన స్థలమందు వంట పూర్తి కానందున, భోజనమునకు కూర్చున్న వారిని లేపుట ఆచారము కానందున, పని ప్రారంభించుటకు వీలుపడలేదని మనవి.'

"ఒక్క అబద్ధం ఉందేమో చూడు," అన్నాడు.

లేదు. రెండుసార్లు చూశాను.

20 సెప్టెంబరు

సంజాయిషీ తీసుకునేవాళ్లు లేరట! ఇన్‌వార్డు గుమాస్తాలు కూడా సమ్మెలో ఉన్నారు. నాన్న కాగితాన్ని తిరిగి ఇంటికి తెచ్చి బీరువాలో, ఒకప్పుడు అద్దం ఉన్న చోట, టేపుతో అంటించాడు. అమ్మ ఇప్పుడు దాని ముందు నిలబడి తల దువ్వుకుంటోంది.

30 సెప్టెంబరు, శుక్రవారం

అనుమతి గడువు ఇవాళ్టితో అయిపోయింది. సమ్మె నడుస్తూనే ఉంది. మళ్లీ కొట్టాలంటే మొదటి కాగితం నుంచీ రావాలి. వస్తారు, తెలుసు. బియ్యం ఎక్కడ దొరుకుతాయో మాకూ తెలుసు.

అయిదో నంబరు చెట్టు కింద అందరం కలిశాం. నాన్న కొంచెం దూరంలో తన చోట క్యారియర్ విప్పుకుని పెరుగన్నం తింటున్నాడు. సమ్మె అయినా వస్తాడు. ఇంట్లో అన్నం దిగదట.

"నీ గడి ఇంక ఖాళీనే ఉన్నది," అని నరహరి నోటుపుస్తకం నా ఒళ్లో పడేశాడు.

"రాస్తాను నరహరీ," అన్నాను. అన్న లేకుండా. శైలజ దగ్గింది. అతను పెన్ను కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు, పెన్ను చేతిలోనే ఉంది.

పన్నెండో తారీఖు పేజీ తీశాను. మేం తొమ్మిదిమందిమి. పేర్లు పదున్నాయి. పదోది నా పేరు కిందే, గుండ్రటి అక్షరాల్లో. ఎ. చెన్నకేశవులు. ఊరు: తార్నాక.

"రిజిస్టర్ కనబడంగనే సంతకం పెట్టిండు మీ నాయిన," అన్నాడు నరహరి. "అలవాటు గదా అనుకున్న. తర్వాత సూస్తే మూడో గడి గూడ నింపిండు."

మూడో గడిలో, అన్నింటికన్నా చిన్నగా: మధ్యాహ్నం నీడకు.

కార్బన్ లేదు, ధ్రువాల్లేవు, రాబోయే తరాలు లేవు. అటు చూశాను. నాన్న గిన్నె కడిగిన నీళ్లు చెట్టు మొదట్లో పోస్తున్నాడు, ఎర్రంకె మీద. ఇరవై రెండేళ్లుగా అక్కడే పోస్తున్నాడు. 

నా గడిలో 'కింది ప్రకారమే' అని రాశాను.

సాయంత్రం నాన్నకి చెబితే తల అడ్డంగా ఊపాడు. రిజిస్టర్లో పై ప్రకారం అనే రాయాలట, కింది ప్రకారం అని ఎక్కడా ఉండదట, అట్ల రాయరాదమ్మా అన్నాడు.

రాశాను.